గుండె కోసం తాడాట: ప్రాథమిక బడిలో స్కిప్పింగ్ విరాళాల కార్యక్రమం నడపడం ఎలా?

బడిలో స్కిప్పింగ్ పెట్టి విరాళాలు సేకరిద్దాం అనుకోగానే చాలామంది ముందు తేదీ ఖరారు చేస్తారు, తర్వాత చందా కాగితాలు అచ్చు వేయిస్తారు, తాళ్లు ఆఖరి వారంలో తెప్పిస్తారు. ఇక ఆ రోజు సగంమంది పిల్లలు మూడు గెంతులు గెంతేసరికి తాడు కాళ్లకు చుట్టుకుని, చుట్టూ చూస్తూ నిలబడిపోతారు. ఈ వరస తిరగేయాలి. ముందు తాళ్లు, తర్వాత సాధన, ఆ సాధన సంగతి ఇళ్లకు చేరాక డబ్బు మాట. నెల రోజులుగా తాడు తిప్పుతున్న పిల్ల ఇంటికెళ్లి "నాకు ఆపకుండా ఇరవై వస్తున్నాయి, చూస్తావా?" అని అడిగిందంటే, అచ్చేసిన కాగితం చేయలేని పని ఆ ఒక్క ప్రశ్న చేస్తుంది.

ఈ ఆలోచన పాతదే. అమెరికాలో 1978లో మొదలై, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ద్వారా దేశమంతా పాకింది. ఆస్ట్రేలియాలో హార్ట్ ఫౌండేషన్ 1983 నుంచి బడుల్లో ఇలాంటిదే నడుపుతోంది. ఇన్నేళ్లుగా నిలవడానికి కారణం ఖర్చు తక్కువ, చోటు తక్కువ, పైగా డబ్బు ఎందుకు సేకరిస్తున్నారో పిల్లల ఒంటికే తెలుస్తుంది. గుండె కోసం అడుగుతున్నవాళ్ల గుండె అప్పుడే దడదడా కొట్టుకుంటూ ఉంటుంది.

ఒక్క లెక్క మాత్రం ముందే తెలిసి ఉండాలి. నిమిషానికి 100–120 గెంతుల వేగంతో తాడాడితే, ఊరికే కూర్చున్నప్పటికన్నా పన్నెండు రెట్ల దాకా శక్తి ఖర్చవుతుంది. ఇది పెద్దవాళ్లలో కొలిచిన లెక్క. పిల్లలు అర నిమిషానికే రొప్పడం వాళ్ల బద్ధకం కాదు, ఆట బరువు అంత. "పది నిమిషాలు ఆపకుండా" లాంటి పోటీలు ప్రాథమిక బడికి పనికిరావు. ఈ మార్గదర్శిలోని ప్రతి అంకె వెనకా ఉన్న సంగతి ఇదే: కాసేపు గెంతడం, అంతకు తగ్గకుండా ఆగడం.

ఎనిమిది వారాల ముందు: అనుమతులు

డబ్బు ఎవరికి వెళ్తుందో మొదటి రోజే తేలిపోవాలి. గుండె జబ్బులపై పనిచేసే సంస్థను ఎంచుకుని, అది నమోదైన సంస్థేనా, రసీదులు ఇస్తుందా, తన పేరూ గుర్తూ వాడుకోవడానికి ఒప్పుకుంటుందా అన్నవి రాతపూర్వకంగా తెచ్చుకోండి. కొన్ని సంస్థలు తాళ్లు, గోడపత్రాలు, విరాళాల పేజీ కూడా ఇస్తాయి. అడగనిదే తెలియదు.

వసూలైనదాంట్లో కొంత బడి ఆటసామగ్రికి ఉంచుకోవాలనుకుంటే తప్పేం లేదు. అయితే ఎంత శాతమో చందా కాగితం మీదే కనిపించాలి. తాళ్ల ఖర్చును వసూళ్లలోంచి తీసేసి, ఆ మాట తర్వాత చెబితే, చిన్న మొత్తమే అయినా పెద్ద అనుమానం పుడుతుంది. తాళ్లకు వేరే డబ్బు చూసుకోవడం మేలు.

అదే వారంలో ఇళ్లకు ఆరోగ్య పత్రం పంపండి. అడగాల్సినవి నాలుగే: గుండె సమస్య ఏదైనా ఉందా, ఉబ్బసం ఉందా, పరుగెత్తుతూ ఎప్పుడైనా స్పృహ తప్పిందా, ఈ మధ్య ఎముక లేదా కీలు దెబ్బ తగిలిందా. పుట్టుకతో వచ్చే గుండె లోపాలు సుమారు నూరుమందిలో ఒకరికి ఉంటాయి. మూడొందల మంది ఉన్న బడిలో అలాంటి పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉండవచ్చని ముందే అనుకోండి. వాళ్లలో చాలామందికి డాక్టరు ఆటలకు అనుమతి ఇచ్చే ఉంటారు. ఎంతవరకు ఆడవచ్చో రాయించి తీసుకోండి, మీ అంతట మీరు పక్కన కూర్చోబెట్టకండి.

తాళ్లు: పిల్లకో తాడు అక్కర్లేదు

అనవసరపు ఖర్చు ఎక్కువగా ఇక్కడే అవుతుంది. ముప్పైమంది ఉన్న తరగతిలో ఇద్దరికో తాడు చాలు. ఒకరు గెంతుతుంటే ఇంకొకరు లెక్కపెడతారు, అర నిమిషానికి మారతారు. విశ్రాంతి దానంతటదే దొరుకుతుంది. అలా చూస్తే 30 చిన్న తాళ్లు, 3 పొడుగు తాళ్లు ఉంటే బడి మొత్తానికి సరిపోతుంది. చిన్నవాటిలో సగం 2.1 మీటర్లవి (ఐదు నుంచి ఏడేళ్ల వాళ్లకు), సగం 2.4 మీటర్లవి (పై తరగతులకు). పొడుగువి ఐదు మీటర్ల దాకా ఉండాలి.

కొలత చూసే పద్ధతి తేలిక. తాడు మధ్యభాగాన్ని ఒక పాదంతో తొక్కి పట్టి, రెండు పిడులూ పైకి లాగితే అవి చంక దగ్గరికి రావాలి. భుజం దాటితే పొడుగెక్కువ. అలాంటి తాడు ముందు నేలకు కొట్టుకుని మెలిపడుతుంది. నేర్చుకునే పిల్లకు చంక ఎత్తు బాగుంటుంది, చెయ్యి తిరిగినవాళ్లు ఇంకాస్త పొట్టిది అడుగుతారు.

రకం విషయంలో మా ఓటు ప్లాస్టిక్ పూసలు గుచ్చిన తాడుకే. కాస్త బరువుంటుంది కాబట్టి గాలిలో విల్లులా నిలుస్తుంది, నేలను తాకినప్పుడు టక్కుమంటుంది. ఆ చప్పుడే పిల్లలకు తాళం. నూలు తాడు కాలికి తగిలినా నొప్పి పెట్టదు గానీ, తేలిక కావడంతో తలపైకి వచ్చేసరికి కుప్పకూలుతుంది, ఎంత ప్రయత్నించినా లయ అందదు. సన్నని ప్లాస్టిక్ తాడు వేగంగా తిరుగుతుంది, కొట్టుకుంటే వాత తేలుతుంది, పై తరగతుల వాళ్లకు ఇవ్వవచ్చు. ఇనుప తీగ తాళ్లు మాత్రం ప్రాథమిక బడి గడప తొక్కనివ్వకండి.

తాడు పొట్టి చేయాలంటే పిడి లోపలే ముడి వేయండి. మధ్యలో ముడి ఉంటే ఒకవైపుకు లాగుతుంది, కాలి వేళ్లకు గట్టిగా తగులుతుంది.

నేల

చెక్క నేల అన్నిటికన్నా మంచిది, తర్వాత రబ్బరు పరిచినది. కాంక్రీటు తప్పకపోతే గెంతే సమయం తగ్గించి, అడుగు మందంగా ఉన్న బూట్లు వేయించండి. గడ్డి మెత్తగా ఉన్నా తాడు ఇరుక్కుంటుంది. చాప పరిస్తే జారుతుంది, కాబట్టి గడ్డి మీద పొడుగు తాడు ఆటలే పెట్టుకోవడం తెలివైన పని. ఒక్కో పిల్లకు ముందూ వెనకా పక్కలా రెండున్నర మీటర్ల చదరం వదలాలి. సుద్దతో నేల మీద గుర్తులు గీయండి. గీతలు లేకపోతే పిల్లలు గెంతుతూ గెంతుతూ ముందుకు జరిగి పక్కవాళ్ల తాడులోకి వెళ్లిపోతారు.

నేర్పడం: ఐదు వారాలు, వారానికి నాలుగు రోజులు, రోజుకు పావుగంట

ఆ పావుగంటలో నిజంగా గెంతే సమయం నాలుగైదు నిమిషాలే ఉండాలి. ఏడేళ్ల లోపు వాళ్లకు 20 సెకన్లు గెంతు, 40 సెకన్లు విరామం. పెద్దవాళ్లకు 30, 30. మొదటి వారంలోనే ఉత్సాహంగా ఎక్కువ ఆడిస్తే రెండో వారంలో పిక్కలు, ముంగాలి ఎముకలు నొప్పి పుట్టి సగంమంది కుంటుతారు.

1. తాడు లేకుండా మొదలుపెట్టండి. సుద్దగీత మీద నుంచి అటూ ఇటూ గెంతాలి. మునివేళ్ల మీద దిగాలి, మోకాళ్లు కాస్త వంగాలి, నేల మీద చప్పుడు రాకూడదు. ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లు చాలు, తాడు మందం ఎంతని!
2. రెండు పిడులూ ఒకే చేతిలో పట్టుకుని తాడును పక్కన గుండ్రంగా తిప్పుతూ, అది నేలను తాకినప్పుడల్లా గెంతాలి. తాడు కాళ్ల కిందికి రాదు కాబట్టి భయం ఉండదు, చెవికి లయ పడుతుంది. తర్వాత చెయ్యి మార్చాలి.
3. తాడు మడమల వెనక ఉంచి, తలపై నుంచి ముందుకు వేసి, కాలివేళ్ల దగ్గర ఆపాలి. ఆగాక దాటాలి. గెంతు, ఆగు, గెంతు, ఆగు. ఈ మెట్టులో మూడు నాలుగు రోజులు ఉండనివ్వండి.
4. ఆపకుండా రెండు, తర్వాత మూడు, తర్వాత ఐదు. ఐదు దాటితే మిగతావి వాటంతటవే వస్తాయి.
5. నాలుగో వారంలో జంట గెంతులు, పొడుగు తాడు. ఐదో వారంలో ముందుకూ వెనక్కూ, పక్కలకూ గెంతడం, వచ్చినవాళ్లకు చేతులు అడ్డం వేసే క్రాస్.

ఐదారేళ్ల పిల్లల్లో చాలామందికి నాలుగో మెట్టు ఆ ఏడాది అందదు. చేతులూ కాళ్లూ వేర్వేరు పనులు ఒకేసారి చేయడం ఆ వయసుకు కష్టం. వాళ్లకు పొడుగు తాడు, పాము ఆట (నేల మీద తాడును మెలికలు తిప్పుతుంటే దాటడం) ఉన్నాయి. కార్యక్రమం రోజు కూడా వాళ్లను అక్కడే ఉంచండి.

తప్పులు ఎక్కడ వస్తాయో దగ్గర్నుంచి చూడాలి. ఒక పిల్లవాడు తాడు తిప్పుతాడు, అది తలపైకి రాగానే ఎగిరేస్తాడు, తాడు కిందికి వచ్చేసరికి అతనూ కిందికి దిగి ఉంటాడు, కాళ్లకు తగులుతుంది. వాడికి "త్వరగా ఎగురు" అని చెబితే ఇంకా ముందే ఎగురుతాడు. మూడో మెట్టుకు తీసుకెళ్లి, తాడు వేళ్ల దగ్గర టక్కుమన్నాకే దాటమనండి.

ఇంకొకరికి అలుపు వచ్చేకొద్దీ చేతులు రెక్కల్లా విచ్చుకుంటాయి. చేతులు విచ్చుకుంటే తాడు పొట్టిదవుతుంది, బూటు కొనకు తగులుతుంది. మోచేతులకూ నడుముకూ మధ్య చేతిరుమాలు నొక్కి పట్టుకుని గెంతమనండి. రుమాలు జారిందంటే వాళ్లకే తెలుస్తుంది, మీరు చెప్పక్కర్లేదు. తిప్పడం మణికట్టుతో జరగాలి, భుజంతో కాదు.

మడమలు వెనక్కి తన్నేవాళ్లకు తాడు వెనకే ఇరుక్కుంటుంది. తాడు తీసేసి, చేతులు నడుము మీద పెట్టించి, చప్పుడు రాకుండా గెంతించండి. పాదాల వైపే చూసేవాళ్లకు తల ముందుకు వాలి తాడు నెత్తికి కొట్టుకుంటుంది, ఎదుటి గోడ మీద కంటి ఎత్తున ఒక గుర్తు పెట్టండి. ఒక్కో తిప్పుకు రెండు చిన్న గెంతులు వేయడం మాత్రం తప్పుగా చూడకండి. నేర్చుకునేవాళ్లకు అది ఊపిరి తీసుకునే సందు, తాడు వేగం పెరిగితే పోతుంది.

పొడుగు తాడులో గెంతేవాళ్లకన్నా తిప్పేవాళ్లు ముఖ్యం. తాడు మధ్యభాగం నేలను ఒరుసుకుంటూ వెళ్లేంత దూరంలో ఇద్దరూ నిలబడి, భుజం నుంచి పెద్ద గుండ్రాలు, ఒకే వేగంతో తిప్పాలి. నవ్వు వస్తే పిల్లలు వేగం పెంచేస్తారు, అందుకే మొదట్లో పెద్దవాళ్లే పట్టుకోవాలి. తాడును మణికట్టుకు చుట్టుకోనివ్వకండి. ఎవరైనా తట్టుకుని పడితే చెయ్యి లాగేసుకుంటుంది, చర్మం ఒరుసుకుపోతుంది. కొత్తవాళ్లు తాడు పక్కన మధ్యలో నిలబడి మొదలుపెట్టాలి. తిరుగుతున్న తాడులోకి పరుగెత్తి దూరడం వారం తర్వాత నేర్పవచ్చు: తాడు నేలను కొట్టిన చప్పుడు వినగానే లోపలికి.

చక్రాల కుర్చీలో ఉన్న పిల్లలకు రెండు దారులు. ఆరేడు మీటర్ల తాడును నెమ్మదిగా కుర్చీతో సహా పైనుంచి తిప్పి, కింద చక్రాల దగ్గర ఆపితే వాళ్లు దాటుకుంటూ వెళ్లగలరు. లేదా తాడును మధ్యకు కోసి, ఒక్కో చేతికి ఒక్కో ముక్క ఇస్తే పక్కల తిప్పుతూ లయ పట్టవచ్చు. రెండోది సమతూకం తక్కువ ఉన్న పిల్లలకూ బాగా పనికొస్తుంది. పాటకు తగ్గట్టు తిప్పేవాళ్లు, లెక్కపెట్టేవాళ్లు కూడా ఆటలో ఉన్నట్టే లెక్క.

గుండె పాఠం

తరగతి గదిలో కాకుండా తాడు పక్కనే చెప్పండి. తొమ్మిది, పదేళ్ల వాళ్లు నాడి పట్టగలరు: చూపుడు వేలు, నడిమి వేలు కలిపి బొటనవేలి కిందుగా మణికట్టు మీద ఉంచి, 15 సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో గుణించాలి. బొటనవేలితో పట్టకూడదు, దానికీ నాడి ఉంటుంది. కూర్చుని ఉన్నప్పుడు ఈ వయసులో సాధారణంగా 70–110 మధ్య వస్తుంది, గట్టిగా గెంతాక 150 దాటడం మామూలే. గెంతు ఆపిన పది సెకన్లలోపు లెక్క మొదలుపెట్టాలి, ఆలస్యమైతే అప్పటికే తగ్గిపోతుంది. చిన్న తరగతుల వాళ్లకు లెక్క వద్దు. గెంతిన వెంటనే అరచెయ్యి ఛాతీ మీద పెట్టించండి, విశ్రాంతిగా ఉన్నప్పుడు వాళ్లకు ఏమీ తెలియదు.

చెప్పాల్సిన విషయం కొంచెమే. గుండె కండరం, పని చెబితే బలపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 5–17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక కావాలి. బరువు, లావు మాటలు ఎత్తకండి. గుండె జబ్బుతో మనుషులు పోవడం గురించి భయపెట్టేలా మాట్లాడకండి. ఆ తరగతిలో ఎవరింట్లో ఏం జరిగి ఉందో మీకు తెలియకపోవచ్చు.

చందాలు

గెంతుకు ఇంత అని లెక్కకట్టే పద్ధతి వినడానికి బాగుంటుంది, నడపడానికి బాగుండదు. పిల్ల యాభై గెంతుతుందనుకుని ఒప్పుకున్న తాతయ్యకు ఆమె నాలుగొందలు గెంతిందని తెలిస్తే ఇద్దరికీ ఇబ్బందే. పైగా లెక్కలు పెరుగుతాయి, స్నేహితులు సాక్ష్యం చెబుతారు. ఒకే మొత్తంగా ఇవ్వమని అడగండి. గెంతుల లెక్క పెట్టే తీరాలంటే కాగితం మీద గరిష్ఠ మొత్తం అనే గడి ఉండాలి.

మూడో వారం చివర్లో, పిల్లలకు కాస్త చేతనయ్యాక, కాగితాలు పంపండి. కాగితంలో ఉండాల్సినవి: పిల్ల పేరు, తరగతి, ఏ సంస్థకు ఎంత శాతం, దాత పేరు, మొత్తం, చెల్లించిన గుర్తు, ఆఖరి తేదీ. రెండు షరతులు పెద్ద అక్షరాల్లో వేయండి: పిల్లలు ఇంటింటికీ తిరిగి అడగకూడదు, తెలిసినవాళ్లనే పెద్దల తోడుతో అడగాలి. చందా తేకపోయినా ప్రతి పిల్లా ఆడుతుంది. ఆన్‌లైన్ పేజీ పెడితే పిల్లల పేరులో మొదటి మాట చాలు, ఫొటో, తరగతి, బడి పేరు కలిపి పెట్టకండి.

ఎక్కువ తెచ్చినవాళ్లకు బహుమతులు పెట్టడం ఈ కార్యక్రమాల్లో పాత అలవాటు. మానేయడమే మంచిది. బహుమతి గెలిచేది పిల్ల కాదు, వాళ్ల బంధువుల జేబు. ఏమీ తేలేని పిల్లలు ఆ వారమంతా ముఖం చాటేస్తారు. బడి మొత్తానికి ఒకే లక్ష్యం పెట్టి, గోడ మీద ఒకే గుండె బొమ్మలో రంగు నింపుతూ పోండి. గెంతుల మొత్తానికి ఇంకో బొమ్మ. ఏ తరగతి ఎంత తెచ్చిందన్నది గోడెక్కకూడదు.

నగదు వస్తే అంటించిన కవరులోనే రావాలి, తరగతి టీచరు తెరవకుండా ఆఫీసుకు పంపాలి. ఇద్దరు కలిసి లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేసి, ఆ రోజే బ్యాంకులో వేయాలి. శుక్రవారం వచ్చిన డబ్బు బీరువాలో సోమవారం దాకా ఉంటే, తేడా వచ్చినప్పుడు ఎవరినీ అడగలేరు.

ఆ రోజు

ఒక విడతకు 60 మంది, 40 నిమిషాలు. ఒక చిన్న తరగతిని, ఒక పెద్ద తరగతిని కలపండి. తాళ్ల రెండు కొలతలూ సరిగ్గా వాడుకలోకి వస్తాయి, పెద్దవాళ్లు చిన్నవాళ్లను చూసుకుంటారు. పదిమంది చొప్పున ఆరు గుంపులు, ఆరు చోట్లు. ఒక్కో చోట 4 నిమిషాలు, మారడానికి 1 నిమిషం, మొత్తం అరగంట. ముందు 5 నిమిషాలు ఒళ్లు వేడెక్కించడానికి, చివర 5 నిమిషాలు నడకకూ సాగదీతకూ.

ఆరు చోట్లు ఇలా: జంటల్లో అర నిమిషం లెక్క (5 తాళ్లు), పొడుగు తాడులో గుంపుగా గెంతడం, ఒక తాడులో ఇద్దరు ఎదురెదురుగా (5 తాళ్లు), విన్యాసాలు (10 తాళ్లు), పొడుగు తాడు కింద నుంచి తగలకుండా పరుగెత్తడం, నీళ్లూ నాడీ. పొడుగు తాళ్లు రెండూ వరుసగా రాకుండా మధ్యలో ఇంకోటి పెట్టండి. నీళ్ల చోటును ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకండి, విశ్రాంతి అదే.

పెద్దవాళ్లు పదకొండుమంది కావాలి: పొడుగు తాళ్ల దగ్గర ఇద్దరిద్దరు, మిగతా నాలుగు చోట్లా ఒక్కొక్కరు, ప్రథమ చికిత్సకు ఒకరు, గడియారం పట్టుకుని ఈల వేయడానికి ఒకరు, మరుగుదొడ్డికి వెళ్లేవాళ్లతో, ఏడ్చేవాళ్లతో ఉండటానికి ఒకరు. ఈ చివరి మనిషిని మరిచిపోతే మిగతా పదిమందీ ఆ పనే చేస్తారు.

ఎండ పడే చోటైతే ఉదయం మొదటి గంటల్లోనే ముగించండి. తిన్న గంట దాకా గెంతించకండి. మొదలుపెట్టే ముందు అందరినీ మరుగుదొడ్డికి పంపండి. బూటు లేసులు, వేలాడే గొలుసులు, మెడలో కార్డులు, జడలు ఒకసారి చూడండి. చెప్పులతోనూ ఒట్టి మేజోళ్లతోనూ గెంతకూడదు.

ఏదైనా జరిగితే

చీలమండ మెలితిరగడం, కాలి మీద వాతలు, నెత్తికి పిడి తగలడం, ఇవే ఎక్కువ. చల్లటి గుడ్డ, చిన్న కట్టు చాలు. ఉబ్బసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్ ఆఫీసులో కాదు, మైదానంలో పేరు రాసిన సంచిలో ఉండాలి.

గెంతుతూ ఛాతీ నొప్పి అన్నా, కళ్లు తిరిగినా ఆ రోజుకు ఆట ఆపించి ఇంటికి కబురు చేయండి. గెంతుతుండగానే స్పృహ తప్పి పడితే, వెంటనే లేచినా సరే, డాక్టరు చూడాల్సిందే. ఎండదెబ్బ అని సర్దిచెప్పుకోకండి. పలకక, ఊపిరి మామూలుగా లేకపోతే ఒకరు అంబులెన్సుకు ఫోను, ఒకరు ఏఈడీ యంత్రం (ఆగిన గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చేది) ఉంటే దానికోసం పరుగు, ఒకరు ఛాతీ నొక్కడం, ఊపిరి ఇవ్వడం. ఎవరు ఏది చేస్తారో ఆ ఉదయమే పేర్లతో తేల్చుకోవాలి. ఛాతీని నొక్కాల్సిన వేగం నిమిషానికి 100–120 సార్లు. బాగా గెంతే పిల్ల తాడు లయ సరిగ్గా అదే, ఐదు వారాలుగా ఆ టక్ టక్ వింటున్న టీచరుకు అది చెవిలోనే ఉంటుంది.

తర్వాత

కాగితాలకు ఆఖరి తేదీ కార్యక్రమం తర్వాత పది రోజులకు మించకూడదు, ఆ పైన వచ్చేది ఎక్కువగా ఉండదు. ఆ మరుసటి వారం మొత్తం ఎంత, సంస్థకు ఎంత పంపారు, రసీదు సంఖ్య ఎంత అన్నది ప్రతి ఇంటికీ ఒకే కాగితంలో వెళ్లాలి. మాట ఇచ్చి ఇవ్వనివాళ్లను పిల్లల ద్వారా గుర్తుచేయించకండి, వదిలేయండి.

తాళ్లను చుట్టి పెట్టెలో కుక్కితే మడతలు పడి, వచ్చే ఏడాదికి తిరగవు. మధ్యకు మడిచి మేకులకు వేలాడదీయండి, కొలతను బట్టి పిడికి రంగు టేపు చుట్టండి. పగిలిన పిడులు, తెగిన పూసల తాళ్లు ఇప్పుడే తీసేయండి. మిగిలినవాటిలో ఒక డజను ఆట విరామంలో అందేలా బయట పెట్టండి. ఐదు వారాల్లో నేర్చుకున్నది తాడు అందుబాటులో లేకపోతే రెండు నెలల్లో పోతుంది.